ఆ సీట్లో కూర్చున్నాయన

అక్టోబరు పన్నెండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం రాజ్ కుమార్ తిన్నది సజ్జరొట్టె, చింతకాయ వేసి నూరిన చెనక్కాయల పచ్చడి.

ఎవరు తెచ్చారని అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటుంటాడు.

ఆ ఉదయం మార్కాపురం దగ్గర తమ పల్లె మందిరంలో అతను సాక్ష్యం చెప్పాడు. ఏడాదిగా చెబుతున్న సాక్ష్యమే. గిద్దలూరు నుంచి దర్శి దాకా ఎన్నో సంఘాలు పిలిపించుకుని మరీ విన్నాయి.

"ఆ పొద్దు నాకు చలిజొరం. త్రిపురాంతకంలో ఆటో ఎక్కినా. డ్రైవరు పక్కన, అంచు మీద కూర్చున్నా. కొంచెం దూరం పోయినాక దేవుడు నన్ను లేపినాడు! 'ఆ సీటు నీది కాదు, లోపలికి పో' అన్నాడు! లోపలికి మారినా. కాసేపటికే ఎదురుగా లారీ! ఆ సీటు నుజ్జునుజ్జు. నాకు గీత పడిందా? పడలా! ఆ శోధనలో నా విశ్వాసం పుటం పెట్టిన బంగారమయింది!"

"స్తోత్రం! స్తోత్రం!" అని మందిరం మారుమోగింది.

చెప్పులు విడిచే చోట, గడప వారగా కూర్చున్న ఒక ముసలామె మాత్రం అందరికన్నా ఆలస్యంగా, మెల్లగా "ఆమెన్" అంది.

ఆ ఊరి మనిషి కాదు. ఒళ్ళో గుడ్డమూట ఉంది.

ఆరాధన అయ్యాక దగ్గరికొచ్చింది.

"వందనాలు నాయనా. నువ్వు లేచినాక ఆ సీట్లో కూర్చున్నాయన... ఏమన్నా మాట్లాడినాడా?"

రాజ్ కుమార్ తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం సభకు దర్శి నుంచి వచ్చిన కారు బయట నిలబడి ఉంది.

"గుర్తులేదవ్వా."

"ఒక్క మాటైనా?"

"పోయినోళ్ళ సంగతి మనకెందుకు? బతికించినోడి సంగతి చూడు."

అతని వెంట సభలకు తిరిగే ఆనంద్ బాబు అందుకున్నాడు. "ఏందవ్వా, కోర్టులో వకీలు మాదిరి? బ్రదర్ గారికి అవతల పెద్ద మీటింగుంది."

నలుగురూ నవ్వారు. రాజ్ కుమార్ కూడా నవ్వాడు.

ఆమె చిన్నబుచ్చుకోలేదు.

"నిజమే నాయనా. నువ్వు బాగుండావు గదా? ఆ జొరం మళ్ళా రాలేదు గదా?" అంటూ అతని మోచెయ్యి తడిమింది.

"బాగానే ఉండా లే," అని చెయ్యి విడిపించుకున్నాడు.

పాస్టరు అయ్యగారి భార్య ఎలీషబమ్మ గబగబా రొట్టె వడ్డించింది. పచ్చడి నాలుకకు తగలగానే, ఈ రుచి ఎక్కడో ఎరిగినదే అనిపించింది. అంతలో కారు హారన్ కొట్టింది. మరిచిపోయాడు.

దర్శిలో చప్పట్లు బాగా పడ్డాయి.

తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మందిరంలో మరిచిన బైబిలు కోసం వెళ్ళాడు. ఎలీషబమ్మ చాపలు చుడుతోంది.

"పచ్చడి బాగుండిందా తమ్ముడూ? ఆ ముసలామె నీ కోసమనే తెచ్చింది. హనుమంతునిపాడు అవతల ఏదో పల్లెనుంచి బస్సులు మారి వచ్చింది."

"నా కోసమా?"

"ఊఁ. కొడుకు పోయినాక గుడి గడప తొక్కలేదంట. దేవుడి మీద అలిగినానమ్మా అనింది. నువ్వు కారెక్కినాక ఆడనే మోకాళ్ళూని చానాసేపు ప్రార్థన చేసింది."

"ఏమని?"

"'ఈ బిడ్డనన్నా కాపాడినావు, స్తోత్రం తండ్రీ. మా గిద్యోను ఊరికే పోలేదు' అని. వాళ్ళ పిల్లోడు నీకు సీటిచ్చి తను అంచుకు మారినాడని ఆటో డ్రైవరు చెప్పినాడంట. అట్లనా తమ్ముడూ? నువ్వు ఎప్పుడూ ఆ ముక్క చెప్పలేదే?"

రాజ్ కుమార్ వెనక్కి తిరిగి గడప కేసి చూశాడు.

మొదట్లో, పొరుగూళ్ళ సభల్లో చెప్పేవాడు. "అన్నా, వణుకుతుండావు. గాలి తగలకుండా నా సీట్లో కూర్చో" అన్న మనిషి అతని సాక్ష్యంలో ఉండేవాడు. "మనిషిని తగ్గించు బ్రదర్, దేవుడు కనపడతాడు" అని ఏదో సభలో ఒకరు సలహా ఇచ్చారు. తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే ఆ మనిషి మొత్తానికే లేకుండా పోయాడు. ఆ మనిషి పేరేమిటో తను ఏ రోజూ కనుక్కోలేదు.

"ఆమె... ఉందా?"

"నాలుగు గంటల బస్సుకే పాయె."

"ఊరి పేరు?"

"అడగలా తమ్ముడూ. ఇదిగో, ఒక రొట్టె, కొంచెం పచ్చడి మిగిలినాయి. నీకే ఇమ్మంది."

గడప మీద, పొద్దున ఆమె కూర్చున్న చోటే కూలబడి, ఒక ముక్క తుంచి పచ్చడి అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

ఈసారి గుర్తొచ్చింది.

సీట్లు మారాక ఆ మనిషి ఒళ్ళోని మూట విప్పి, సగం రొట్టె తుంచి వెనక్కి చాచాడు. అప్పుడన్న మాటే ఆయన ఆఖరి మాట. ఆ మాట వినడానికే ఆమె అంత దూరం వచ్చింది.

"తిను అన్నా, జొరం నోటికి హితవుగా ఉంటది. మా అమ్మ నూరినట్టు ఈ లోకంలో ఎవురూ నూరలేరు."

ఎలీషబమ్మ అతను లేచేదాకా ఆగింది. లైటు తీసేసి, చప్పుడు కాకుండా మందిరం తలుపు మూసింది.