ఎదురు కొట్టులో ఉద్యోగం

యంత్రాలే అన్ని పనులూ చేసే రోజులవి. మనిషిని పనిలో పెట్టుకున్న కొట్టుకు సర్కారు సగం జీతం సాయంగా ఇచ్చేది. సొంత భార్యను పెట్టుకుంటే మాత్రం ఇచ్చేది కాదు. అందుకే పూజాసామాను కొట్టు వీరభద్రం ఎదురు కొట్టు గోవర్ధనంతో ఒప్పందం చేసుకున్నాడు. ఆయన భార్య మాణిక్యాంబ ఇక్కడికి, తన భార్య సుభాషిణి అక్కడికి.

“సాయం వచ్చిన మేరకు జీతం ఖర్చు తగ్గించి రాయాలండీ. ఆ భాగానికి పన్ను మినహాయింపు లేదు,” అంది వీరభద్రంతో ఆయన కొట్టులోని లెక్కల యంత్రం.

“మరి ఈ కొట్టులో ఇరవై ఏళ్ల నా పని ఏ పద్దులో రాశావే?” అంది సుభాషిణి.

“యజమాని భార్యకు పద్దు లేదమ్మా.”

సుభాషిణి దేవుడికి దండం పెట్టుకుని వీధి దాటింది. అక్కడ జీతం, ఆదివారం సెలవు, వేళకు టీ. అన్నీ బాగానే ఉన్నా, ఆమె చూపంతా ఎదురుగానే ఉంది. సుభాషిణి పీట మీద కూర్చుని మాణిక్యాంబ వత్తులు చేస్తోంది. వీరభద్రం ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

“చేతులు నొప్పెడతాయి, కాసేపు ఆపండి మాణిక్యాంబగారూ!”

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్తకు సుభాషిణి పప్పు వడ్డించింది.

“నా చేతులకు ఏనాడూ నొప్పి లేదా అండీ?”

“అదేంటే! ఆవిడ అలిగి మానేస్తే సాయమంతా సర్కారుకు తిరిగివ్వాలి.”

సుభాషిణి గరిటె కింద పెట్టింది.

“నేను మానేస్తే నాకేం తిరిగిస్తారు?”