ఎర్త్ వైరు

చిన్నాన్నని చంపడానికి గిరిబాబుకి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, పది నిమిషాల ఏకాంతం. శనివారం సాయంత్రం ఆ రెండూ దొరికాయి.

చిన్నాన్న జగన్నాధం పొలం అమ్మేసి శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నాడు. పెళ్లాం పిల్లలు లేరు. హాల్లో పెద్ద చేపల తొట్టి, దాని చుట్టూ ఆయన లోకం. తండ్రి పోయినప్పటి నుంచి గిరిబాబుని పెంచింది ఆయనే. చదివించాడు, ఎచ్చెర్లలో ఉద్యోగం వేయించాడు. అన్నీ చేసి, ఇప్పుడు ఇల్లు మాత్రం వంటమనిషి దాలమ్మ పేర రాస్తానంటున్నాడు. సోమవారం రిజిస్ట్రేషను.

ఆయన బజారుకి వెళ్లగానే గిరిబాబు తొట్టి వెనక్కి దూరాడు. నీళ్లలో ఒక స్టీలు కడ్డీ ఉంటుంది. నీళ్లలోకి కరెంటు దిగితే ఆ కడ్డీ పట్టుకుని భూమిలోకి పోతుంది, మనిషి బతికిపోతాడు. ఆ కడ్డీకున్న ఎర్త్ వైరు విప్పేశాడు. నీళ్లు తిప్పే మోటారు తీసి, అలాంటిదే, వైరు చిట్లింది పెట్టాడు. చేపలు ఎప్పటిలాగే తిరిగాయి. అవి నేల మీద కాలు పెట్టేవి కావు గనక వాటికేమీ కాదు. చెప్పుల్లేకుండా తడి గచ్చు మీద నిలబడే మనిషి సంగతి వేరు.

ఆదివారం ఏడింటికి జగన్నాధం పంచె ఎగ్గట్టి, మోచేతి దాకా చెయ్యి ముంచి అద్దం తోమాడు. గిరిబాబు పేపరు చాటున ఏడుపు మొహం సిద్ధం చేసుకున్నాడు.

ఏమీ కాలేదు.

ఆయన చేపలకి మేత వేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దాలమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"మోటారు తీసీసినానురా. దాని వైరు బాగోలేదు. ఎర్త్ వైరు కూడా ఊడిపోనాది, బిగించినాను."

గిరిబాబు పేపరు దించలేదు. "ఎలకలు కొరికీసుంటాయి సిన్నాన్నా."

"ఎలక స్క్రూ విప్పదురా."

గిరిబాబు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వెప్పుడు సూసినావు?"

"తెల్లారి లేవగానే. తొట్టి కొన్నకాడ్నించీ నీళ్లలో సెయ్యెట్టే ముందు రోజూ అదే సూస్తాను."

గిరిబాబు ఇక ఆగలేకపోయాడు. ఆయన కాళ్ల మీద పడి భోరుమన్నాడు. ఈసారి ఏడుపు నిజమైనదే.

"నాన్న పోతే కన్నకొడుకులా పెంచినావు. నా బుద్ధి గడ్డి తిన్నాది. నన్ను పోలీసులకి పట్టించీ సిన్నాన్నా."

జగన్నాధం టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"లెగరా. నిన్ను ఏటని పట్టించీది? పొలంలో మీ నాన్న మోటారుకి ఎర్త్ వైరు విప్పినోడ్ని నానే."