వెనక వేలిముద్ర

నూకరత్నం సంచిలో రెండు చీరలూ బొగ్గుముక్కల డబ్బా సర్దింది వరహాలమ్మ. ఎవరూ పట్టించుకోని చిత్రకారుల కోసమే ఆవిడ విశాఖలో గ్యాలరీ నడుపుతోంది. గోనెపట్టాల మీద నూకరత్నం బొగ్గుతో గీసే బొమ్మలు పదేళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు కొత్తరకం యంత్రపు గోడలొచ్చి, ఇళ్ళ గోడలే తమ మీద బొమ్మలు గీసుకుంటున్నాయి. ఆ గోడలు తయారుచేసే హైదరాబాదు కంపెనీ, నూకరత్నాన్ని ఆమె చేతిగీత వాటికి నేర్పమని పిలిచింది.

"నాకు బెంగగా ఉంది పిన్నీ."

"బెంగేటే! వారం గీసి చూపిస్తే ఊరూరా నీ బొమ్మే. ఎల్లిరా."

నెల తిరక్కుండా టీకొట్టు గోడ మీద కూడా నూకరత్నం బొమ్మలే. కంపెనీ గ్యాలరీకి ఒక గోనెపట్టా పంపింది. బొమ్మ పూర్తవగానే వెనక బొగ్గు బొటనవేలు అద్దడం నూకరత్నం అలవాటు. వరహాలమ్మ తిప్పి చూసింది. ముద్ర ఉంది. సంబరంగా ఫోన్ చేసింది.

"అది నాను గీసింది కాదు పిన్నీ. ఏలిముద్ర కూడా నేర్చేసుకున్నారు. ఇంక నాను గీస్తే దొంగతనమంట. నా గీత ఇంక ఆళ్ళదేనని సంతకమెట్టేసినాను."

"పోనీ, ఊరికే వచ్చీయే."

"వచ్చి ఆ గోడలు చూస్తా కూకోమంటావా?"

గ్యాలరీలోని అసలు బొమ్మలు చూసినవాళ్ళు తమ ఇంటి గోడ మీదివే నయమంటున్నారు. మాఘ పున్నమినాడు బస్సెక్కిన నూకరత్నం మళ్ళీ విశాఖకు రాలేదు.