ఆరో అమ్మాయి

ఇదే ఆఖరి ఇల్లు. కోచ్ గుమ్మం ముందు బూట్లు విప్పింది.

వీధి చివర బస్సు సిద్ధంగా ఉంది. పన్నెండేళ్ళ లోపు, పద్నాలుగేళ్ళ లోపు, పదహారేళ్ళ లోపు అమ్మాయిల వాలీబాల్ జట్లు మూడూ అందులోనే కూర్చున్నాయి. మూడింటికీ కోచ్ ఈవిడొక్కతే. అసలే ఆరుగురున్న పద్నాలుగేళ్ళ జట్టులో పొద్దున ఒకమ్మాయికి కాలు బెణికింది. మిగిలింది అయిదుగురు. ఆరుగురు లేనిదే కోర్టులోకి దిగనివ్వరు. ఒక్క జట్టు దిగకపోయినా క్లబ్బు మొత్తాన్నీ వెనక్కి పంపేస్తారు, టోర్నమెంట్ రూలు అలాంటిది. ఏడాదిగా తెల్లవారకముందే లేచి చేసిన సాధనంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆరో అమ్మాయి ఈ ఇంట్లో ఉంది. అందరూ పిడుగు అంటారు. సర్వీసు కొడితే అవతలివాళ్ళు పక్కకి తప్పుకుంటారు. రోజూ గ్రౌండుకి వస్తుంది కానీ, తండ్రి ఊరు మాత్రం దాటనివ్వడు.

పెద్దవాళ్ళని ఒప్పించడంలో కోచ్‌ది అందె వేసిన చెయ్యి. భయపడే తల్లికి, గది తలుపుకి అడ్డంగా తానే పడుకుంటానని చెబుతుంది. చదువు పాడవుతుందనే తండ్రికి సర్టిఫికెట్ల విలువ చెబుతుంది. మెత్తబడని బామ్మకి పూటకోసారి ఫోన్ చేయిస్తానని మాటిస్తుంది. అలా ఇరవై తొమ్మిది గడపలు గెలిచింది. ఈ ఇంట్లో మాత్రం రెండేళ్ళలో మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తల దించుకునే బయటికొచ్చింది.

ఏ ఇంటికెళ్ళినా కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చేవాళ్ళు. ఇక్కడ కూర్చోమన్నవాళ్ళు లేరు. తండ్రి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బామ్మ దుప్పట్లు మడతపెడుతూ తలైనా ఎత్తలేదు.

"రెండు రోజులే," అంది కోచ్ నిలబడే. "నా పక్కలోనే పడుకోబెట్టుకుంటాను. ఎల్లుండి సాయంత్రానికి నేనే తీసుకొచ్చి అప్పజెబుతాను."

ఇస్త్రీపెట్టె ఆగలేదు.

సర్టిఫికెట్ల సంగతి ఎత్తింది. అతను కాలరు తిప్పి వేశాడు. మిగతా పిల్లల ఉసురు పోసుకోవద్దని బతిమాలింది. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అంతా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది.

చివరికి అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"ఊళ్ళో పిల్లలందర్నీ చూసుకునేవాళ్ళకి ఇంట్లో పిల్లని చూసే తీరికెక్కడుంటుంది? అది ఎక్కడికీ రాదు."

ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటేనే అందమని బామ్మ దుప్పటికి చెబుతున్నట్టు గొణిగింది.

బస్సు హారన్ మోగింది. కోచ్ బయటికొచ్చి బూట్లు తొడుక్కుంది. లేసులు ముడిపడలేదు, అలాగే వదిలేసింది. బస్సులో పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. వాళ్ళని దిగిపొమ్మని ఏ నోటితో చెప్పాలి? ఇంత చేతకానిదాన్నయ్యానేమిటని ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

మెట్లు దిగుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని పిడుగు పిలిచింది.

"అమ్మా, అందరి నాన్నలూ నీ మాట వింటారు కదా, మనింట్లో నాన్నొక్కడే ఎందుకు వినడు?"