మూడింతల ఫీజు

ఆ రోజు ఇంట్లో మామగారు, అత్తగారు, మరిది, కోడలు ఉన్నారు. కోడలి భర్త కూడా ఉన్నాడు కానీ, పేపరు వెనకాల ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు.

మామగారు పొద్దున్నుంచీ చిందులు తొక్కుతున్నారు. మందుల షాపుల రిజిస్ట్రేషన్ ఫీజు మూడింతలు పెంచారట. ఆ డబ్బుతో కొత్త ఇన్‌స్పెక్టర్లను పెడతారట. వాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి షాపులన్నీ చూస్తారట.

"మన డబ్బుతో మన నెత్తి మీదే మనిషిని కూర్చోబెడతారా! ఎక్కడి న్యాయంరా ఇది?"

"వచ్చినవాడికి కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ ఇచ్చి పంపిస్తే సరి నాన్నా," అన్నాడు మరిది. రోజూ షాపులో కూర్చునేది అతనే. జనం డాక్టర్ బాబు అని పిలుస్తారు. వచ్చినవాళ్లు దగ్గడం పూర్తయ్యేలోపే సీసా తీసి కౌంటర్ మీద పెట్టేస్తాడు.

"కట్టేద్దాం మావయ్యా," అంది కోడలు టీ గ్లాసులు తీస్తూ. "చూసేవాళ్లంటూ ఒకరుంటే మంచిదేగా."

మామగారు ఆమె వైపు తిరిగారు.

"నువ్వేమైనా సంపాదించి తెస్తున్నావా తల్లీ?" అన్నారు మామగారు.

"ఏరికోరి తెచ్చుకున్నందుకు బాగానే ఉంది," అంది అత్తగారు. "పొయ్యి మీద పాలు చూడు పో. షాపు సంగతి మగాళ్లు చూసుకుంటారు."

పేపరు ఒక పేజీ తిరిగింది.

కోడలు నాలుక చివరి దాకా వచ్చిన మాటను మింగేసింది. పెళ్లయినప్పటి నుంచి మింగిన మాటలన్నీ కలిపితే ఆమెకు వేరే అన్నం అక్కర్లేదు.

వంటింట్లోకి వెళ్లేసరికి పక్క గుమ్మంలో ఎదురింటి టైలరమ్మ నిలబడి ఉంది. చంకలో ఇంకా నడక రాని బిడ్డ. తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది.

"మీ మరిది నిన్న ఇచ్చిన మందు భలే పనిచేసిందమ్మా. దగ్గే లేదు. ఒకటే నిద్ర. పాలకు కూడా లేవట్లేదు."

"సీసా ఏదక్కా?"

టైలరమ్మ సంచిలోంచి తీసి ఇచ్చింది. పసిపిల్లలకు వాడకూడదని దాని మీదే చిన్న అక్షరాల్లో ఉంది.

"ఇంక చుక్క కూడా వేయకు. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు."

"అయ్యో, డాక్టర్ బాబు ఏం కాదన్నాడే!" టైలరమ్మ కంగారుపడింది. "ఉండు, ఆయన్నే అడిగొస్తా."

సీసా లాక్కుని వీధి వైపు నడిచింది. కోడలు చేతులైనా తుడుచుకోకుండా ముందు గదిలోకి పరుగెత్తింది. దాని అవతలే షాపు. మరిది అప్పటికే వెళ్లి కూర్చున్నాడు.

"ఏమండీ, ఎదురింటి బిడ్డకి పెద్దవాళ్ల మందు ఇచ్చేశారు, సీసా మీదే రాసుంది. ఒక్కసారి లేవండి."

"వాడు చూసుకుంటాడులే," అంది పేపరు.

"సీసా మీద నాలుగు ముక్కలు చదివేసరికి డాక్టరమ్మవైపోయావా?" అన్నారు మామగారు.

షాపులోంచి మరిది గొంతు హుషారుగా వినిపించింది. "నిద్రపోతే మంచిదేగా అక్కా! రాత్రికి ఇంకో చెంచా ఎక్కువెయ్యి."

"వేయొద్దు!"

కోడలి గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. పేపరు కూడా కిందికి దిగింది. ఆమె షాపు గడప దాటబోయింది. మామగారు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"నలుగురూ వచ్చే చోట పరువు తీస్తావా? మందుల గురించి నీకేం తెలుసని? లోపలికి పో!"

ఆమె మొహం మీదే ధడాలున తలుపు వేశారు.

అవతల, కౌంటర్ వెనక గోడకు, వచ్చినవాళ్లందరికీ కనపడేలా ఆయనే మేకు కొట్టి తగిలించిన ఫార్మసిస్టు సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ, ఫొటో కోడలివే.