మొక్కు బొమ్మలు

"పిల్ల కంటి లోపలి పొర కాలిందమ్మా. సూర్యుణ్ణి సూటిగ చూడమని ఎవరు చెప్పిండ్రు?" అని కరీంనగర్‌ల కండ్ల డాక్టర్ అడిగిండు.

కొడుకు మంచం పట్టిండని, నలభై ఒక్క పొద్దులు సూర్యదేవుని బొమ్మ గీపిస్తనని మొక్కింది నేనే. మనుమరాలు నవ్యశ్రీ మంచిగ గీస్తది. "రెప్ప కొట్టకుంట చూడు బిడ్డా, అప్పుడే దేవుడు బొమ్మలోకి దిగుతడు" అన్న.

"ఎవ్వలు చెప్పలే సార్. నేనే చూసిన" అన్నది పిల్ల.

నేను నిజం చెప్పలే. తెలిస్తె కోడలు పిల్లను నా దగ్గరికి రానియ్యదని భయమైంది. చూపు మల్ల వస్తదని డాక్టర్ గట్టిగ అనలే.

బయటికొచ్చినంక, "జర నా దిక్కు చూడు బిడ్డా. కనబడుతున్ననా?" అని అడిగిన.

"చీర కనబడుతుంది బాపమ్మా. నీ మొఖం ఉన్నకాడనే నల్లగుంది."