ఫొటోలో లేని కొడుకు

ఆటోనగర్‌లో దొంగ స్పేర్‌పార్టులు అమ్మే వ్యాపారం మానేసి, భానుచందర్ ఎవరింటికైనా కొడుకుగా వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. కష్టం తక్కువ, తిండి బాగుంటుంది, ఆస్తిలో వాటా అదనం.

ఆ ఆలోచన పుట్టింది ఒక ఫొటో స్టూడియోలో. జెరాక్సు తీయించుకుందామని వెళ్లినవాడు గోడకున్న ఫొటోలు చూస్తూ నిలబడిపోయాడు. "పిల్లలు ఇట్టే పెరిగిపోతారు, ఏడాదికొక్క ఫొటో దిగండి" అని పైన బోర్డు. కింద అన్నీ ఒకే కుటుంబం ఫొటోలు, ఏడాది వెంట ఏడాది. అడుగున పేర్లు: శౌరయ్య, ఎలిజబెత్, వినీల, ఫిన్నీ.

ఫిన్నీ తల్లి ఒళ్లో పాపాయిగా మొదలయ్యాడు. తర్వాత నిక్కరేసుకుని అక్క పక్కన నిలబడ్డాడు. నూనూగు మీసం వచ్చాక ఉన్నట్టుండి మాయమయ్యాడు. అక్కణ్నుంచి ఫొటోలో ముగ్గురే, పేర్లూ మూడే. తల్లి మాత్రం ప్రతి ఫొటోలోనూ ఎవరినో చూసుకుంటున్నట్టు అంత ప్రేమగా ఎదురుగా చూస్తోంది.

పాపం, తప్పిపోయిన కొడుకు కోసం ఎదురుచూస్తోంది, అనుకున్నాడు భానుచందర్. ఎంత బాధో, ఎంత అనువో.

ఆ కుర్రాడి సంగతి ఎవరినీ అడగలేదు. అడిగితే అనుమానం వస్తుంది. తెలివైనవాడు కదా. జెరాక్సు మిషన్ దగ్గరున్న అమ్మాయిని శౌరయ్యగారు ఎక్కడుంటారని మాత్రం అడిగాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రంలో చేసి రిటైరయ్యారని, భవానీపురంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారని ఆ అమ్మాయి చెప్పింది. ఆ రెండో అంతస్తు భానుచందర్ మనసులో స్థిరపడిపోయింది.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చి ఆటో దిగుతుండగా, ఎలిజబెత్ కాళ్లమీద పడ్డాడు.

"అమ్మా, నేనమ్మా, ఫిన్నీని."

ఎలిజబెత్ ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. శౌరయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. వినీల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. లోపల్నుంచి వెక్కిళ్లలాంటి చప్పుడు వినిపించింది. అక్క ప్రేమంటే అలా ఉండాలనుకున్నాడు భానుచందర్.

కాసేపటికి ఎలిజబెత్ తేరుకుని, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగింది. అతను సిద్ధం చేసుకొచ్చిన కథ మొదలుపెట్టాడు. రైల్వేస్టేషన్ రద్దీలో తప్పిపోవడం, ముంబై హోటళ్లలో గిన్నెలు కడగడం, తలకు దెబ్బ తగిలి ఊరిపేరు మర్చిపోవడం, మొన్న మరో దెబ్బ తగిలి గుర్తుకురావడం. శౌరయ్య మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యకుండా అంతా విన్నాడు. చుట్టాలకు చెప్పొస్తానని ఫోను పట్టుకుని మేడెక్కాడు. చాలాసేపటికి దిగివచ్చి, చెప్పవలసినవాళ్లకు చెప్పానన్నాడు.

ఎలిజబెత్ కోడికూర వడ్డించింది. కన్నతల్లి కూడా అతనికి అలా కొసరి కొసరి పెట్టలేదు. భానుచందర్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి. అవసరం లేని చోట కూడా ఏడవగలిగినందుకు తనమీద తనకే ముచ్చటేసింది. ఆ ఊపులోనే, తనకు ఆస్తులేమీ వద్దని, తల దాచుకోవడానికి పై వాటా ఇస్తే చాలని అన్నాడు.

"దానికేముంది నాన్నా," అంది ఎలిజబెత్. "ముందు నలుగురం కలిసి ఫొటో దిగుదాం. ఎన్నాళ్లయిందో నలుగురం పడి."

సాయంత్రం అదే స్టూడియోకు తీసుకెళ్లారు. ఫొటోగ్రాఫరుకు భానుచందర్ ఈడే ఉంటుంది. అందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీశాక, భానుచందర్‌ను ఒక్కణ్నే ఉంచి ఎదురుగా ఒకటి, కుడివైపు తిప్పి ఒకటి, ఎడమవైపు తిప్పి ఒకటి తీశాడు. ఇంటి వారసుడికి ఆమాత్రం మర్యాద ఉండాల్సిందే అనుకుని భానుచందర్ గడ్డం ఇంకాస్త పైకెత్తాడు.

అప్పుడు, అంతసేపూ లైట్లు పట్టుకుని నిలబడ్డ మనుషులిద్దరు వాటిని కిందపెట్టి వచ్చి అతని చేతులు పట్టుకున్నారు. పోలీస్ స్టేషన్ నుంచి వచ్చామని చెప్పారు.

భానుచందర్ బెదరలేదు. అనుభవం ఉన్నవాడు. గోడవైపు తల ఊపాడు.

"కావాలంటే ఆ ఫొటోలన్నీ చూసుకోండి సార్. తప్పిపోయాను కాబట్టేగా, ఆ తర్వాత ఒక్కదాంట్లోనూ నేను లేంది?"

ఫొటోగ్రాఫరు కెమెరా మీంచి తలెత్తి మర్యాదగా అన్నాడు. "కెమెరా కొనుక్కున్న దగ్గర్నుంచీ మా ఇంటి ఫొటోలు నేనే తీస్తున్నానండీ, ఫిన్నీగారూ. తీసేవాణ్ణి, అందులో నేనెలా పడతాను?"